ఒకే డిస్క్, రెండు నొప్పులు: ఎండోస్కోపీ సర్జరీతో పాటు పీఆర్‌పీ ఇచ్చిన ఒక కేసు

“చెప్పు ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదు డాక్టరు గారూ. మెట్లెక్కి పైకొచ్చాక చూస్తే కుడికాలికి లేదు.”

ఓపీలో కూర్చుంటూ ఆమె చెప్పిన మొదటి మాట ఇది. నొప్పి సంగతి తర్వాత వచ్చింది. చెప్పుని పట్టి ఉంచడంలో బొటనవేలిది పెద్ద పాత్ర. ఆ వేలిని పైకి లేపే కండరానికి శక్తి ముఖ్యంగా నడుములోంచి కాలికి దిగే ఎల్5 నరం నుంచి వస్తుంది. పాదం పైభాగం మొద్దుబారితే చెప్పు ఉందో లేదో కూడా తెలియదు. ఎంఆర్ఐ కవరు తెరవకముందే నాకు ఎల్4–ఎల్5 డిస్క్ మీద, అంటే నడుములో నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య దిండులా ఉండే భాగం మీద అనుమానం వచ్చింది.

డిస్క్ జారినవాళ్లు ఈమధ్య ఒకే ప్రశ్నతో వస్తున్నారు: “ఆపరేషనా, ఇంజెక్షనా?” ఇంజెక్షన్ అంటే ఇక్కడ పీఆర్‌పీ: పేషెంట్ రక్తంలోంచే తీసి గాఢం చేసిన ప్లేట్‌లెట్ల ద్రవం. ఈమెకి రెండూ ఒకే పూట, ఒకే దారిలోంచి ఇచ్చాం. ఏది దేనికోసం ఇచ్చామో, ఏది ఎంత పని చేసిందో విడదీసి చెబుదామని ఇది రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 39. కుట్టుపని. రోజుకి తొమ్మిది, పది గంటలు మిషన్ ముందే. షుగర్ లేదు, బీపీ లేదు. మూడేళ్లుగా నడుము నొప్పి వస్తూ పోతూ ఉంది. తొమ్మిది వారాల కిందట వంగి బట్టల మూట ఎత్తారు. మర్నాడు పొద్దున్న మంచం దిగుతుంటే కుడి పిరుదు నుంచి పిక్క పక్కగా పాదం పైదాకా జివ్వుమని లాగింది. ఆ తర్వాత నడుము నొప్పి వెనకబడి, కాలు నొప్పి ముందుకొచ్చింది. మందులు వాడారు, ఆరు వారాలు ఫిజియోథెరపీ చేశారు. వేరేచోట నరం పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా తీసుకున్నారు. దానితో పది రోజులు హాయిగా నిద్రపోయారు, మళ్లీ మామూలే.

చివరి పది రోజుల్లో మిషన్ పెడల్ మీద పాదం అదుపు తప్పడం మొదలైంది. వేళ్లవైపు తొక్కగలుగుతున్నారు గానీ, మడమవైపు తొక్కుతూ వేళ్లు పైకి లేపాల్సి వచ్చినప్పుడు పాదం మాట వినడం లేదు.

ఇంకోచోట ఆమెకి చెప్పిన మాట ఒకటి నన్ను బాధపెట్టింది. “మీ రక్తమే తీసి డిస్క్‌లోకి ఎక్కిస్తే డిస్క్ మళ్లీ పెరుగుతుంది, ఆపరేషన్ అక్కర్లేదు” అన్నారట. ఆమె ఆ ఆశతోనే వచ్చారు. పాదం బలం తగ్గుతున్న మనిషికి ఆ మాట చెప్పి వారాలు గడిపేయడం ప్రమాదం.

పరీక్షలో కుడికాలు నిటారుగా 35 డిగ్రీలు ఎత్తేసరికే నొప్పి పాదం దాకా పాకింది. ఎడమకాలు ఎత్తినా కుడికాల్లోనే లాగింది. డిస్క్ ముక్క నరాన్ని గట్టిగానే నొక్కుతోందనడానికి ఇది బలమైన గుర్తు. “బొటనవేలు పైకి లేపి పట్టుకోండమ్మా, నేను కిందికి నొక్కుతాను” అంటే, ఎడమవైపు నా చెయ్యే ఓడిపోయింది. కుడివైపు ఒక్క వేలితో నొక్కితే వంగిపోయింది. బలం ఐదుకి మూడుంపావు అనుకోవచ్చు. మడమ దగ్గర రిఫ్లెక్స్ రెండువైపులా సరిగానే ఉంది, అంటే దాని కిందుండే ఎస్1 నరం జోలికి ముక్క పోలేదు. మూత్రం, మలం మీద అదుపు, కూర్చునేచోట స్పర్శ మామూలుగా ఉన్నాయి. ఈ చివరి మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా కథ వేరు. అప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉండదు, అత్యవసరంగా ఆపరేషన్ గదికి వెళ్లాల్సిందే.

ఎంఆర్ఐలో ఎల్4–ఎల్5 దగ్గర కుడివైపు గుజ్జు చుట్టుగోడ దాటి బయటికొచ్చి, కాస్త కిందికి జారి, ఎల్5 నరాన్ని వెనక్కి నెట్టేసి ఉంది. డిస్క్ ఎత్తు పెద్దగా తగ్గలేదు గానీ లోపల తెల్లగా మెరవాల్సిన నీటిభాగం మసకబారింది. డిస్క్ అరుగుదలని 1 నుంచి 5 దాకా కొలిచే ఫిర్‌మన్ స్కేలు మీద 4వ గ్రేడు. ముందుకి, వెనక్కి వంగి తీసిన ఎక్స్‌రేల్లో ఎముకలు చోటు తప్పి కదలడం లేదు కాబట్టి స్క్రూలు, రాడ్‌ల ప్రసక్తి రాలేదు.

ఆగుదామా, చేద్దామా

జారిన డిస్క్ అంటే ఆపరేషనే అనుకోకూడదు. బయటికొచ్చిన గుజ్జుని చాలాసార్లు శరీరమే పరాయి వస్తువుగా గుర్తించి కరిగించేసుకుంటుంది. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం పూర్తిగా తెగి విడిపోయిన ముక్కలు 96 శాతం, గోడ దాటి బయటికొచ్చినవి 70 శాతం కేసుల్లో వాటంతటవే తగ్గాయి. గోడ చెదరకుండా ఉబ్బినవి మాత్రం 13 శాతమే. ఎంఆర్ఐలో ఎంత భయంకరంగా కనిపిస్తే అంత కరిగే అవకాశం ఎక్కువ. ఈ మాట చెబితే పేషెంట్లు నమ్మలేనట్టు చూస్తారు. 2007లో నెదర్లాండ్స్‌లో జరిగిన ట్రయల్‌లో 6 నుంచి 12 వారాలుగా సయాటికా (నడుము నుంచి కాల్లోకి పాకే నరం నొప్పి) ఉన్నవాళ్లలో కొందరికి వెంటనే సర్జరీ చేశారు, మిగతావాళ్లని ఆగమన్నారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ముందే చేయించుకున్నవాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది. ఆగినవాళ్లలో 39 శాతం మందికి చివరికి సర్జరీ చేయాల్సే వచ్చింది.

కాబట్టి నొప్పి ఒక్కటే అయితే ఈమెకి ఇంకో నెల ఆగమని చెప్పేవాణ్ని. బలం తగ్గుతుండటం వల్ల ఆ మాట చెప్పలేకపోయాను. పది రోజుల కిందట వేరే డాక్టరు రాసిన నోట్‌లో బొటనవేలి బలం నాలుగుకి పైన ఉంది. ఇప్పుడు మూడు దాటి కాస్త.

ఉత్త పీఆర్‌పీ ఎందుకు చాలదో ఆమెకి బొమ్మ గీసి చూపించాను. ముక్క ఉన్నది నరం పక్కన, డిస్క్ బయట. ఇంజెక్షన్ వెళ్లేది డిస్క్ లోపలికి. గోడకి చిల్లు ఉన్న డిస్క్‌లోకి ద్రవం నెడితే లోపలి ఒత్తిడి పెరిగి ఇంకాస్త గుజ్జు బయటికి రావచ్చు. నరం మీదున్న ముక్కని పీఆర్‌పీ తీయలేదు.

“మరి ఆపరేషన్ ఒక్కటే చేస్తే చాలదా?” అని వాళ్లాయన అడిగారు. సరైన ప్రశ్న. కాలు నొప్పి వరకూ చాలు. కానీ ముక్క తీశాక గోడలో చిల్లు అలాగే ఉంటుంది. పెద్దవాళ్ల శరీరంలో రక్తనాళాలు లేని అతిపెద్ద భాగం డిస్క్. దానికి పోషణ పైన, కింద ఉన్న ఎముక పలకల్లోంచి నెమ్మదిగా ఊరి రావాల్సిందే. చర్మం మానినట్టు డిస్క్ గోడ మానదు, బయటివైపు పల్చటి మచ్చ కణజాలం కడుతుంది, అంతే. సర్జరీ తర్వాత అదేచోట మళ్లీ జారడం మామూలుగా 5 నుంచి 15 శాతం మందిలో కనిపిస్తుంది. 2003లో అమెరికా వెన్నెముక సర్జన్ కారగీ బృందం చిల్లు తీరుని బట్టి పేషెంట్లని విడదీసి చూసింది: సన్నటి చీలిక ఉన్నవాళ్లలో 1 శాతం, పెద్ద చిల్లు ఉన్నవాళ్లలో 27 శాతం మందికి మళ్లీ జారింది. ఈమె మళ్లీ మిషన్ ముందు కూర్చునే మనిషి. పైగా మూడేళ్ల నడుము నొప్పి డిస్క్‌ నుంచే వస్తోందని నా అంచనా. ముక్క తీసినంత మాత్రాన అది పోతుందని మాట ఇవ్వలేను.

అలా ఒకే డిస్క్‌లో రెండు పనులు తేలాయి. నరాన్ని విడిపించడానికి సర్జరీ. మిగిలిన గోడకి మానే అవకాశం ఇవ్వడానికి పీఆర్‌పీ. మొదటిదాని మీద నాకు నమ్మకం, రెండోదాని మీద ఆశ. ఆమెతో ఈ రెండు మాటలే వాడాను.

పీఆర్‌పీ మీద నాకున్న ఆధారం ఎంత

ఎక్కువ కాదు. 2016లో 47 మందితో చేసిన ట్రయల్‌లో డిస్క్‌లోకి పీఆర్‌పీ ఇచ్చినవాళ్లకి ఎనిమిది వారాల దగ్గర నొప్పి, పనితీరు మెరుగ్గా కనిపించాయి. తర్వాత వచ్చిన మరో చిన్న ట్రయల్‌లో ఆ స్థాయి తేడా రాలేదు. పైగా అవి డిస్క్ నొప్పి మీద చేసినవి, సర్జరీతో కలిపి కాదు. స్టెమ్ సెల్స్ వైపు నేను వెళ్లలేదు. 404 మందితో చేసిన మూడో దశ ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి, ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని అది అందుకోలేకపోయింది.

చికిత్స మొదలయ్యే ముందు ఈ సంగతులన్నీ ఆమెకి చెప్పాను. డిస్క్‌లోకి పీఆర్‌పీ ఇంకా ప్రామాణిక చికిత్స కాదని కన్సెంట్ ఫారంలో పెద్ద అక్షరాలతో రాయించాం, ఎథిక్స్ కమిటీకి తెలియజేశాం. డిస్క్‌లోకి ఇంజెక్షన్ అంటే ఒకప్పుడు ఇంతకన్నా ఉత్సాహం ఉండేది. జారిన డిస్క్ గుజ్జుని కరిగించడానికి, బొప్పాయి పాల నుంచి తీసిన కైమోపపైన్‌ని 1960ల్లో మనుషుల్లో ప్రయత్నించారు, 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. తీవ్రమైన అలర్జీలు, అరుదుగానే అయినా నరాలకి పెద్ద దెబ్బలు తగిలాక వాడకం పడిపోయింది. వెన్నెముక వైద్యంలో ఉన్నవాళ్లకి ఈ చరిత్ర గుర్తుండాలని నా కోరిక.

ఎప్పుడు ఇవ్వాలన్న దాని మీద మాలో మాకే వాదన జరిగింది. ఆరు వారాలు ఆగి విడిగా ఇద్దామని ఒక సహచరుడు, అదే పూట ఇద్దామని నేను. విడిగా ఇస్తే గోడకి కొత్తగా సూది గుచ్చాలి. పరీక్ష కోసం డిస్క్‌లోకి సన్నటి సూది గుచ్చినవాళ్లలో పదేళ్ల తర్వాత ఆ డిస్క్‌లు ఎక్కువగా అరిగాయని, ఎక్కువగా జారాయని 2009లో కారగీ బృందమే చూపించింది. ఒక చిల్లు మాన్పించడానికి ఇంకో చిల్లు పెట్టడం నాకు మింగుడుపడలేదు. సర్జరీ పూట ఎండోస్కోప్ గొట్టం సరిగ్గా ఆ చిల్లు ముందే ఉంటుంది. ఇబ్బందల్లా ఒకటే, ఆ సర్జరీ అంతా సెలైన్ ప్రవాహంలో జరుగుతుంది. పలచటి పీఆర్‌పీ పోస్తే కొట్టుకుపోతుంది. అందుకే జెల్ చేసి పెట్టాలనుకున్నాం.

ఆపరేషన్ గదిలో

పక్క నుంచి చేసే ఎండోస్కోపీ పద్ధతి ఎంచుకున్నాను. 2022లో 613 మందితో వచ్చిన డచ్ ట్రయల్‌లో కాలు నొప్పి విషయంలో ఇది మైక్రోడిస్కెక్టమీకి (వీపు మీద చిన్న కోత పెట్టి ముక్క తీసే మామూలు సర్జరీకి) తీసిపోలేదని తేలింది. నాకు ఇంకో కారణం కూడా ఉంది: లోకల్ అనస్థీషియాలో చేయొచ్చు, పేషెంట్ మనతో మాట్లాడుతూ ఉంటారు. నరానికి మరీ దగ్గరికి వెళ్తే ముందు చెప్పేది మానిటర్ కాదు, ఆమే.

కోతకి ముందు సెఫాజోలిన్ అనే యాంటీబయాటిక్ ఒక డోసు. చేతి రక్తనాళం నుంచి 30 మి.లీ. రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో రెండుసార్లు తిప్పాం. చివరికి 3 మి.లీ. మిగిలింది. రక్తంలో ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకి 2.4 లక్షలు, అందులో 10 లక్షల పైచిలుకు, అంటే నాలుగు రెట్లకి కాస్త ఎక్కువ. ఈ లెక్క చూడకుండా పీఆర్‌పీ ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. తెల్లకణాలు తక్కువ ఉండేలా చేయించాను. అవి ఉంటే ఇన్‌ఫెక్షన్ నుంచి కొంత కాపు అనేవాళ్లున్నారు, ఆ వాదనలో బలం ఉంది. కానీ పక్కనే వాచిన నరం ఉంది, అక్కడ వాపు పెంచే సరుకు పెట్టడానికి చెయ్యి రాలేదు.

బోర్లా పడుకోబెట్టి, మధ్యగీత నుంచి 11 సెం.మీ. పక్కన 8 మి.మీ. కోత పెట్టాం. సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో చూస్తూ సూది, దాని మీదుగా వైరు, వైరు మీదుగా ఒకదాన్ని మించిన ఒక గొట్టం వేస్తూ కాంబిన్ త్రికోణంలోకి చేరాం. పైనుంచి దిగే నరం, కిందిఎముక అంచు, కీలు, ఈ మూడింటి మధ్య దొరికే చిన్న సందు అది. లోకల్ మందు దారి పొడవునా ఇచ్చాం, డిస్క్‌ లోపలికి ఇవ్వలేదు. బుపివకైన్ లాంటి మందులు డిస్క్ కణాలకి హాని చేస్తాయని ల్యాబ్ పరీక్షల్లో పదేపదే కనిపించింది. కాపాడాలనుకున్న కణాల మీద ఆ మందు పోయడం ఎందుకు?

తెర మీద మొదట కనిపించింది తెల్లటి పీచులాంటి ముద్ద, తడిసిన దూదిలా. ఫోర్సెప్స్‌తో పట్టి నెమ్మదిగా లాగితే ముందు రాలేదు. కొస ఎక్కడో చిక్కుకుంది. చుట్టూ వదులు చేసి మళ్లీ పట్టాక ఒక్కసారిగా 14 మి.మీ. పొడవున్న ముక్క బయటికొచ్చింది. అదే క్షణంలో ఆమె “అమ్మయ్య” అన్నారు. అంతకుముందు అడిగినదానికి మాత్రమే జవాబిస్తున్న మనిషి. కాల్లోంచి ఏదో దిగిపోయినట్టుందన్నారు. తెర మీద అప్పటిదాకా చదునుగా, పాలిపోయి ఉన్న నరం మీది సన్నటి రక్తనాళాలు ఎర్రగా నిండాయి. నరం గుండె లయకి కదలడం మొదలైంది. కుడి బొటనవేలు లేపమంటే కొంచెం లేచింది.

ఇంకో చిన్న ముక్క తీశాం. డిస్క్ లోపల ఉన్న గుజ్జుని గీకి ఖాళీ చేయలేదు. వదులుగా ఉన్నదే తీశాం. ఎక్కువ తీస్తే మళ్లీ జారడం తగ్గవచ్చు గానీ, ముందుముందు నడుము నొప్పి పెరగవచ్చు. గోడలో చిల్లుని ప్రోబ్‌తో కొలిస్తే సుమారు 5 మి.మీ. 

తర్వాత సెలైన్ ఆపేసి, ఉన్న నీళ్లు పీల్చేశాం. రక్తం ఊరడం ఆగేదాకా చూశాం. పీఆర్‌పీలో కాల్షియం క్లోరైడ్ కలిపి, ఎండోస్కోప్‌లోంచి పొడవాటి మొద్దు సూదితో చిల్లు లోపలికి, దాని అంచులకి 1.5 మి.లీ. పెట్టాం. గడ్డకట్టేదాకా గొట్టం కదపకూడదు. పది నిమిషాలు చేతులు అలాగే బిగబట్టి తెర వైపు చూస్తూ నిలబడ్డాం. పలచటి పసుపు ద్రవం మెల్లగా మసకబారి, అంచులకి అంటుకుని నిలిచింది. ఆపరేషన్ మొత్తంలో నాకు అత్యంత దీర్ఘంగా తోచిన పది నిమిషాలవి. ఒకే కుట్టు వేశాం. సాయంత్రం నడిపించాం, మర్నాడు ఇంటికి పంపాం.

ఆ తర్వాత, ముఖ్యంగా 16వ రోజు

కాలు నొప్పి 10కి 8 ఉన్నది మర్నాటికి 1. నడుము నొప్పి మాత్రం 6 నుంచి 5కి తగ్గి అక్కడే ఆగింది.

పీఆర్‌పీ ఇచ్చాక కొద్దిరోజులు నడుము బిగుసుకుని నొప్పి రావడం మామూలే. అప్పుడు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకూడదు, అవి ప్లేట్‌లెట్ల పనికి అడ్డొస్తాయి. పారాసిటమాల్ సరిపోకపోతే ఫోన్ చేయమన్నాం. అయినా మూడో రోజు రాత్రి ఆమె ఇంట్లో ఉన్న ‘ఒళ్లునొప్పుల బిళ్ల’ ఒకటి వేసుకున్నారు. అందులో డైక్లోఫినాక్ ఉంది. తప్పు ఆమెది కాదు. డిశ్చార్జి కాగితం మీద మేం మందుల అసలు పేర్లు రాశాం, ఆమె దగ్గరున్న బిళ్లల పట్టీ మీద కంపెనీ పేరు పెద్దగా, మందు పేరు చీమతలకాయంత ఉంది. ఇప్పుడు ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ తెమ్మని, ఒక్కోదాని మీద పెన్నుతో గుర్తు పెట్టి పంపుతున్నాం.

16వ రోజు ఫోన్ వచ్చింది. నడుము నొప్పి 7, రాత్రి నిద్ర లేదు. డిస్క్‌లోకి ఏది పంపినా సర్జన్ మనసులో ఉండే భయం డిస్క్ ఇన్‌ఫెక్షన్. ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లోనే అది బయటపడుతుంది, జ్వరం లేకుండా కూడా. అదే రోజు రప్పించాం. ఒంట్లో వాపుని, ఇన్‌ఫెక్షన్‌ని పట్టిచ్చే రక్తపరీక్షలు సీఆర్‌పీ, ఈఎస్ఆర్. సర్జరీ తర్వాత సీఆర్‌పీ రెండు, మూడు రోజుల్లో బాగా పెరిగి, రెండు వారాల్లోపు మామూలుకి రావాలి. ఈమెది 4, ఈఎస్ఆర్ కూడా ఎక్కువ లేదు. ఎంఆర్ఐలో ఎముక పలకల్లో వాపు లేదు, చీము లేదు, కొత్త ముక్క లేదు. అప్పటిదాకా నేనూ, మా రేడియాలజిస్టూ కుర్చీలో సరిగా కూర్చోలేదు.

నెమ్మదిగా అడిగితే అసలు సంగతి చెప్పారు. 13వ రోజు నుంచి రోజుకి నాలుగు గంటలు మిషన్ ముందు కూర్చుంటున్నారు. ఒప్పుకున్న బట్టలు ఇవ్వాల్సి వచ్చిందట. కాలు నొప్పి పోతే మనిషి బాగైపోయినట్టు అనుకుంటాడు. గోడ సంగతి ఎవరికీ కనిపించదు కదా. కోప్పడలేదు. కూర్చోవడం 20 నిమిషాలకి కుదించి, మధ్యలో నడక పెట్టించాం, మూడు కిలోలకి మించి ఎత్తొద్దన్నాం. ఆరో వారం నుంచి నడుము, పొట్ట కండరాల వ్యాయామాలు మొదలుపెట్టించాం. పదో వారానికి పూర్తి పని.

నడుము నొప్పి మూడో నెలకి 3, ఆరో నెలకి 2. రోజువారీ పనుల ఇబ్బందిని కొలిచే ఆస్వెస్ట్రీ స్కోరు 58తో మొదలై, ఆరో వారానికి 26, మూడో నెలకి 18, ఏడాదికి 12 అయింది. బొటనవేలి బలం ఆరో వారానికి నాలుగు, ఆరు నెలలకి దాదాపు ఐదు.

ఇందులో పీఆర్‌పీ వాటా ఎంతో నేను చెప్పలేను. కాలు నొప్పి పోవడం, వేలికి బలం రావడం సర్జరీ ఫలితమే. నడుము నొప్పి తగ్గింది పీఆర్‌పీ వల్లా, వ్యాయామం వల్లా, కూర్చునే తీరు మారడం వల్లా, కాలం గడవడం వల్లా? ఒక్క మనిషిలో ఇవి విడిపోవు. మూడో రోజు వేసుకున్న బిళ్ల ఆ లెక్కని ఇంకా కలగాపులగం చేసింది. ఏడాదిలో మళ్లీ జారలేదు, కానీ పీఆర్‌పీ లేకుండా చేసినవాళ్లలోనూ ఎక్కువమందికి జారదు. నేను ఖాయంగా చెప్పగలిగింది ఇంతే: కొత్త సూదిపోటు లేకుండా చిల్లు దగ్గర జెల్ పెట్టడం సాధ్యమైంది, ఈమెకి దానివల్ల హాని జరగలేదు. ఇదే పద్ధతి సగంమందికి జెల్‌తో, సగంమందికి జెల్ లేకుండా, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా చేసి చూస్తేగానీ తేలదు. అలాంటి ట్రయల్ ఎవరు పెట్టినా నా పేషెంట్లని సంతోషంగా పంపుతాను. అప్పటిదాకా కాలు బలం తగ్గుతున్నవాళ్లకి ముందు నరం సంగతి చూస్తాను, పీఆర్‌పీ మాట తర్వాత.

ఏడాది విజిట్‌కి ఆమె రెండు ఎంఆర్ఐలూ పక్కపక్కన పెట్టించుకుని చూశారు. “డిస్క్ పెరిగిందా డాక్టరు గారూ?” అని అడిగారు. లేదమ్మా, గ్రేడు అప్పటిదే అని చెప్పాను. ముక్క ఉన్నచోట నరం చుట్టూ తెల్లటి కొవ్వు గీత మళ్లీ కనిపిస్తోంది, గోడ వెనక సన్నటి మచ్చ ఉంది. ఆమె కాసేపు చూసి, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య రూపాయి బిళ్లంత జాగా ఇంకా మొద్దుగానే ఉందన్నారు. సూదితో తాకి చూశాను, నిజమే. నోట్స్‌లో రాసుకుని, ఆరు నెలల తర్వాత రమ్మన్నాను.